కూసునుడే డ్యూటీ

మెట్ల మీద జైనబీ ఎదురుపడితే చాలు, మళ్లీ పైకి పారిపోవాలనిపిస్తోంది నాకు. పాపం, ఆమె తప్పేమీ లేదు. కడప మనిషి. మా పై అంతస్తులో గుజరాతీ వాళ్లింట్లో పని చేస్తుంది. కనబడితే నోరారా పలకరిస్తుంది.

"ఏమక్కా, పదైదు మంది రాస్తే ఒకరికి వస్తాదంట కదా ఆ సీటు! మీ పాప కొట్టేసిందంట! మాకు మిఠాయి ఎగ్గొడతావా ఏమి?" అంటుంది.

నాకు నోరు ఎక్కువని పెళ్లయిన మూడో రోజే మా అత్త వాడంతా చెప్పి వచ్చింది. ఆ మాట అబద్ధం కాదు. కూరగాయల కొట్టువాడి దగ్గర నుంచి స్కూలు బస్సు డ్రైవరు దాకా, మస్కట్‌లో మేముండే వాడి కబీర్ పేట‌లో నా నోటికి జడవని వాడు లేడు. అట్లాంటి దాన్ని, జైనబీ ముందు "ఆఁ, వచ్చిందమ్మా" అని గొణిగి, కూరగాయల సంచీ అడ్డం పెట్టుకుని జారుకుంటున్నాను. ఎందుకంటే ఆమె చెప్పే పదిహేను మందిలో మిగిలిన పద్నాలుగు మంది ఎవరో నాకు తెలుసు. వాళ్లు చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడానికి మా ఇంటి ఇస్త్రీ పెట్టె నేనే పంపించాను.

మా ఆయన సురేందర్ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్యాంప్ బాస్. మస్కట్ శివార్లలోని అల్ అమెరాత్‌లో కంపెనీ విల్లాలు కడుతోంది. సైట్ పక్కనే పనివాళ్లుండే క్యాంపు. అందులో సగానికి సగం మన జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు దిక్కు వాళ్లే. ఎవరు ఏ రూములో ఉండాలి, ఎవరు ఏ బస్సెక్కాలి, ఎవరికి నిజంగా జ్వరం, ఎవరిది దొంగ జ్వరం, అన్నీ ఈయనే చూసుకోవాలి. జీతాల రోజున బల్ల వేసుకుని కూర్చుంటాడు. సంతకం వచ్చిన వాళ్లకు పెన్ను, రాని వాళ్లకు ఇంకు డబ్బా. మూత తీసి డబ్బా ముందుకు జరుపుతాడు, వాళ్లు ఎడమ బొటనవేలు అద్ది కాగితం మీద వేస్తారు, వేలు తుడుచుకోవడానికి పాత గుడ్డముక్క అందిస్తాడు. ఆయన చొక్కాలన్నిటికీ జేబు దగ్గర ఊదారంగు మరక ఉంటుంది. ఎంత ఉతికినా పోదు.

మాకు ఒక్కతే బిడ్డ, నవీన. ఇక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండు పాసైంది. పాసైందంటే పాసైంది, అంతే. దానికి తెలివి లేదనను గానీ, మా అత్త అంటే నాకెంత ప్రేమో, లెక్కలంటే దానికంత ప్రేమ. ఆ మార్కులతో ఇండియాకు పంపితే ఎక్కడా ఇంజనీరింగు సీటు రాదు. ఇక్కడైతే కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీ ఒకటుంది. ఏదో విదేశీ యూనివర్సిటీకి అనుబంధమట. అనుబంధమే గానీ, బోర్డు మీద మాత్రం యూనివర్సిటీ అనే పెద్ద పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు. అందులో కంప్యూటర్ కోర్సు. బిడ్డ కళ్ల ముందే ఉంటుంది, ఇంజనీరవుతుంది. మా ఇద్దరి ఆశా దాని మీదే పెట్టుకున్నాం.

ఆ కాలేజీ ప్రిన్సిపాల్ ఓంకార్ గారు మన హనుమకొండ ఆయనే. సీటు సంగతి అడగడానికి వెళితే టీ తెప్పించి, కుర్చీలు వేయించి మాట్లాడాడు.

"సీటుకేముందమ్మా, ఇస్తాం. నిజం చెప్పాలంటే సగం సీట్లు నిండడమే లేదు. అదే నా బాధ," అన్నాడు.

"నిండకుంటే అడిగినోళ్లందరికి ఇయ్యరాదుండ్రి సార్," అన్నాను నేను.

ఆయన నన్ను ఒకటో తరగతి పిల్లను చూసినట్టు చూశాడు. "అదేనమ్మా తప్పు. అడిగిన వాళ్లందరికీ ఇస్తే దాన్ని యూనివర్సిటీ అనరు, సత్రం అంటారు. ఎంతమందికి సీటిచ్చారని ఎవరూ అడగరు. ఎంతమందికి లేదన్నారు అని అడుగుతారు. లేదన్న కొద్దీ పేరు పెరుగుతుంది. పేరు పెరిగితే ర్యాంకు వస్తుంది. ర్యాంకు వస్తే వచ్చే ఏడాది జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. ఈ మొదటి ఏడాదే కష్టం. ఈ ఒక్కసారికి మనమే తెచ్చుకోవాలి."

"ఏం తెచ్చుకోవాలె సార్?" అన్నాడు మా ఆయన.

"మనుషుల్ని, సురేందర్ గారూ. లేదనిపించుకోవడానికి మనుషులు కావాలి."

సంగతేమిటంటే, బొంబాయి నుంచి ఒక ఇంగ్లీషు పత్రిక వాళ్లు ఇక్కడి ప్రైవేటు కాలేజీలకు ర్యాంకులు వేస్తున్నారు. ఎంట్రెన్సు పరీక్ష రోజున స్వయంగా వచ్చి చూస్తారట. ఆ రోజు హాళ్లు కిటకిటలాడాలి. మా ఆయన చేతి కింద క్యాంపు నిండా మనుషులున్నారు. పది చదివినవాళ్లు, ఇంటరు తప్పినవాళ్లు బోలెడు మంది. ఆయన రెండు బస్సుల మందిని పంపితే చాలు, మిగతాది వేరే కంపెనీల క్యాంప్ బాసులు చూసుకుంటారు. నవీన సీటు సంగతి ఓంకార్ గారు చూసుకుంటాడు. ఇదీ బేరం.

అప్పుడు నాకు తప్పనిపించలేదా అంటే అనిపించింది. కానీ దానికన్నా ముందు నవ్వొచ్చింది. ఆ కాలేజీ లైబ్రరీ అల్మారాల్లో ముందు వరస ఇంజనీరింగు పుస్తకాలు, వెనక వరస కోళ్ల పెంపకం మీద అరబ్బీ పుస్తకాలు. నేను కళ్లారా చూశాను. "పైన పటారం, లోన లొటారం" అని కారులో ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం కూడా. ఎవరికి నష్టం, ఒక పూట కూర్చుని బిర్యానీ తిని పోతారు అనుకున్నాం.

నవీనకు మాత్రం ఈ బేరం సంగతి చెప్పలేదు. సీటు ముందే ఖాయమైందని తెలిస్తే పుస్తకం ముట్టదని మా భయం. అది పాపం నిజమనుకుని చదివింది. ముఖం కడుక్కోవడం కూడా మరిచిపోయి చదివింది. "క్యాంపోళ్లు సుత రాస్తరటనే," అని నేను ముందే చెవిన వేస్తే, "వాళ్లెందుకమ్మా?" అంది. "పరీక్ష ఎవరన్న రాయొచ్చు గదా," అన్నాను. అది నమ్మింది. కన్నవాళ్లు చెబితే ఏ పిల్లయినా నమ్ముతుంది.

గురువారం సాయంత్రం మా ఆయన క్యాంపుకు పోతుంటే నేనూ వెళ్లాను. వాకిట్లో అందరినీ కూడేసి చెప్పాడు.

"రేపు పొద్దుగాల బస్సొస్తది. మంచి బట్టలేసుకోండ్రి, గడ్డాలు గీసుకోండ్రి. కాలేజీల రెండు గంటలు కూసుండాలె. అటెనుక బిర్యాని."

"ఏం రాయాలె అన్నా?" అన్నాడొకడు.

"ఏమన్న రాయి. రాయకున్న ఏం గాదు. ఊకె కూసునుడే డ్యూటీ."

"పాసైతే ఏమైతది అన్నా?"

"పాసైతే నిన్ను సెంట్రింగు పని బంద్ చేయించి ప్రిన్సిపాల్‌ను చేస్తరు తీ!" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. అంతా గొల్లుమన్నారు. శుక్రవారమంటే వాళ్లకున్న ఒకే ఒక్క సెలవు. బట్టలుతుక్కోవాలి, ఊరికి ఫోన్ చేసుకోవాలి, కంటినిండా నిద్రపోవాలి. అయినా ఒక్కరూ కాదనలేదు. క్యాంప్ బాస్ అడిగితే ఎవరు కాదంటారు?

ఇప్పుడు ఇస్తారి మామ గురించి చెప్పాలి. మా ఆయనకు వరసకు మేనమామ. వరస మాట అటుంచండి, ఈ దేశంలో ఈయనకు తల్లీ తండ్రీ ఆయనే. సురేందర్ హెల్పరుగా వచ్చిన కొత్తలో రూములో మంచం దొరకలేదు. మామకు నైట్ డ్యూటీ, ఈయనకు పగటి డ్యూటీ. ఒకే మంచం, ఒకే దుప్పటి. ఒకరు లేస్తే ఒకరు పడుకునేవాళ్లు. ఈయన కామెర్లతో పడిపోతే మామ డ్యూటీ మాని, భుజాన వేసుకుని దవాఖానకు మోసుకుపోయాడు. "మావాడు చదువుకున్నడు సాబ్, ఆఫీసుల పెట్టుకోండ్రి" అని ఇంజనీరు వెంటపడి తిరిగిందీ మామే. అట్లా ఈయన బల్లకు అవతల కూర్చున్నాడు, మామ ఇవతలే ఉండిపోయాడు. ఇవన్నీ నాకు మా ఆయనే చెప్పాడు, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు. క్యాంపులో అందరూ ఈయనను అన్నా అనో సార్ అనో అంటారు. "సురేందరూ" అని పేరు పెట్టి పిలిచేది మామ ఒక్కడే. ఇక నవీన అంటే ఆయనకు ప్రాణం. వచ్చినప్పుడల్లా దానికి ఖర్జూరాలు తెస్తాడు, అవి ఇంట్లో ఎన్ని ఉన్నా సరే.

మామకు అక్షరం ముక్క రాదు. ఆయన్ను ఎవరూ రమ్మనలేదు కూడా. కానీ ఆ పొద్దున బస్సులో మనుషులు తగ్గారు. రాత్రి తిన్నది పడక ఇద్దరు రూముల్లోనే పడుకున్నారు. మామ తనే వచ్చి ఎక్కాడట, తెల్ల చొక్కా వేసుకుని, తలకు నూనె పెట్టుకుని.

"బిడ్డ రాస్తాంది గదా. నేను సుత ఆడ ఉంటే దానికి జెర ధైర్నం ఉంటది," అన్నాడట.

సురేందర్‌కు లెక్క సరిపోయింది. సరే కూర్చోమని, రాని వాడి పేరు కొట్టేసి కాగితంలో మామ పేరు రాశాడు. సంతకం ఎట్లా అంటే, దారిలో పక్కవాడెవడో అట్టముక్క మీద నాలుగు గీతలు గీయడం నేర్పాడట.

కాలేజీ గేటుకు రంగు కాగితాలు కట్టారు. నేను మిగతా తల్లులతో పాటు వరండాలో నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది, పక్కన పెద్ద అద్దం. హాలంతా కనబడుతోంది. వరసలు వరసలుగా ఎండకు కమిలిన మెడలు, కాయలు కాసిన చేతుల్లో కొత్త పెన్నులు. నిజంగా సీటు కోసం వచ్చిన పిల్లలు రాళ్లల్లో బియ్యపు గింజల్లా అక్కడొకరు, ఇక్కడొకరు. నవీన ముందు బెంచీలో ఉంది. దాని వెనకే ఇస్తారి మామ. నన్ను చూసి చెయ్యి ఊపాడు. తర్వాత ముందుకు వంగి దానితో ఏదో అన్నాడు. "భయపడకు బిడ్డా, నీ ఎనక నేనున్న" అన్నాడని తర్వాత అది చెప్పింది.

మా ఆయన కాలేజీ వాళ్లిచ్చిన బ్యాడ్జీ పెట్టుకుని, టై కట్టుకుని, గుమ్మం లోపల నిలబడ్డాడు. టై కట్టుకుంటే ఆయన నడకే మారిపోతుంది.

కాసేపటికి పత్రిక తరఫున బిల్కీస్ మేడం వచ్చింది. సాదా చీర, మెడలో వేలాడే కళ్లద్దాలు, ముఖాన అలసట. "ఒక్క సీటుకు పదిహేను మంది, మేడం. ఏం చేస్తాం, పాపం అందర్నీ కాదనాల్సి వస్తోంది," అని ఓంకార్ గారు ఇంగ్లీషులో చెబుతూ వెంట నడుస్తున్నాడు. ఆమె విని ఊరుకుంటే బాగుండేది. హాజరు కాగితం తనే చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పేరు పిలిచి, సంతకం చేయించుకుంటూ వచ్చింది. అది ఎవరూ అనుకోని పని.

నవీన సంతకం చేసింది. ఆ తర్వాత మామ పేరు పిలిచింది.

పాపం, బస్సులో నేర్చుకున్న గీతలు ఏమైపోయాయో! బల్ల, కాగితం, పేరు పెట్టి పిలిచే మనిషి. ఇన్నేళ్లుగా ఆయనకు తెలిసిన హాజరు ఒక్కటే. గబుక్కున లేచి నిలబడ్డాడు. చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. ఎడమ బొటనవేలు చాపి కాగితం మీద వేయబోయి, వేలికి రంగు లేదని చూసుకున్నాడు. చూసుకుని, గుమ్మం దగ్గరున్న మా ఆయన వైపు తిరిగి, జీతాల రోజు అడిగినట్టే అడిగాడు.

"సురేందరూ, ఇంకు డబ్బా ఏడ వెట్టినవు?"

సీటు కోసం వచ్చిన పిల్లలు కిసుక్కున నవ్వారు. క్యాంపువాళ్లలో ఒక్కరూ నవ్వలేదు.

బిల్కీస్ మేడం మా ఆయన వైపు తిరిగింది. "ఏ ఆప్‌కే ఆద్మీ హై?" అంది. మీ మనిషా అని.

మా ఆయన టై ముడి సర్దుకున్నాడు. "నై మేడం," అన్నాడు. అక్కడితో ఆగినా కొంత నయంగా ఉండేది. "మై ఇస్‌కో జాన్‌తా బీ నై," అన్నాడు. అసలు వీడెవడో నాకు తెలియదని.

నాకు తల కొట్టేసినట్టయింది. ఛీ, ఈ మనిషితోనా నేను ఇన్నాళ్లూ కాపురం చేసింది అనిపించింది.

ఓంకార్ గారు మాత్రం తడుముకోలేదు. అబ్బ, ఆ తెలివికి దండం పెట్టాలి. "చూశారా మేడం, ఎంత పోటీ ఉందో! వేరేవాళ్ల పేరు మీద రాయడానికి మనుషుల్ని పంపిస్తున్నారు. పోలీసులకు అప్పగిస్తాం," అన్నాడు. సెక్యూరిటీ వాడిని పిలిచాడు. వాడొచ్చి మామ జేబులోంచి బతాకా లాక్కున్నాడు. బతాకా అంటే లేబర్ కార్డు. అది పోలీసు చేతికి పోతే మామ విమానం ఎక్కినట్టే. ఆ వయసులో ఇంకో వీసా ఎవడిస్తాడు?

మామ సురేందర్‌ను చూశాడు. ఆ ముఖంలో కోపం ఉంటుందేమోనని నేను వెతికాను. లేదు. ఏదో పగలగొట్టిన పిల్లవాడి బెదురు ఉంది. తర్వాత నవీనను చూశాడు. అది తల వంచుకుని రాస్తోంది. చెవులు ఎర్రగా కందిపోయాయి గానీ, పెన్ను ఆగలేదు.

"ఏసీ ఠండా హై బోల్‌కే బైఠ్‌గయా సాబ్," అన్నాడు మామ చేతులు జోడించి. ఏసీ చల్లగా ఉందని వచ్చి కూర్చున్నానని. "గల్తీ హోగయా. మాఫ్ కరో."

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. ఓంకార్ గారూ నవ్వాడు. చల్లదనం కోసం వచ్చిన కూలీవాడు, అంతేగా, అన్నట్టు చెయ్యి ఊపి పొమ్మన్నాడు. పోలీసు మాట అక్కడితో పోయింది. మేడం నవ్వలేదు. హాలంతా ఒకసారి చూసింది, ఆ మెడలను, ఆ చేతులను. ఆమెకు అర్థం కాలేదంటే నేను చచ్చినా ఒప్పుకోను. కాగితం మీద మామ పేరు కొట్టేసి తర్వాతి బెంచీకి వెళ్లిపోయింది.

నేను గుమ్మంలోకి దూసుకుపోయాను. మా ఆయన ఏడు తరాల మీదా దుమ్మెత్తిపొయ్యడానికి మాటలు నోట్లోనే ఉన్నాయి. బయటికి వస్తున్న మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఊకో శాంతవ్వా," అన్నాడు చెవిలో చెప్పినట్టు. "బిడ్డ రాస్తాంది. నువ్వు లొల్లి జేస్తే దాని ధ్యానం చెదురుతది. ఊకో."

నా నోరు పడిపోయింది. మామ వెనకే బయటికి నడిచాను. జులై నెల మస్కట్ ఎండ ఎట్లా ఉంటుందో చెప్పేదేముంది. మామ పోయి బస్సు నీడలో నేల మీద చతికిలబడ్డాడు. నవీన కోసం సీసాలో పోసుకొచ్చిన నిమ్మకాయ నీళ్లు ఆయనకిచ్చాను. సగం తాగి, మూత పెట్టి, "ఇది బిడ్డకు ఇయ్యి," అన్నాడు.

పరీక్ష అయ్యాక అందరికీ బిర్యానీ పెట్టారు. మామ తినలేదు. తను ఆ పరీక్ష రాయలేదు గనుక ఆ బిర్యానీ తనది కాదన్నాడట. బతాకాను మా ఆయన అదే రోజు సెక్యూరిటీ వాడి దగ్గర విడిపించాడు. తన చేత్తో ఇవ్వడానికి ముఖం చెల్లక, రూములో ఇంకొకడి చేత పంపించాడు.

ఇంటికి వస్తుంటే కారులో నేను ఆగలేదు.

"ఒక్క మంచంల పన్నోన్ని ఎరుకలేదంటివి గదయ్యా. రేపు నన్ను సుత ఎరుకలేదంటవా?"

"నువ్వు నోరు ముయ్యి. నేను ఔనంటే ఏమైతుండె? రెండు బస్సులోళ్ల సంగతి బయటపడుతుండె. పొల్ల బతుకు ఏమైతుండె? మామ ఏమనుకోడు."

"ఏమనుకోడనే గదా నీ ధైర్నం!"

వెనక సీట్లోంచి నవీన అరిచింది. "ఆపుండ్రి ఇగ! నేను మంచిగ రాసిన. సీటు నాకు నా పేపర్ మీదనే వస్తది." మా ఆయన పక్కకు తిరిగి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి కొండల వైపు చూశాను. అప్పుడైనా ఉన్న మాట చెప్పి ఉండాల్సింది. ఇద్దరం చెప్పలేదు.

సీటు వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది! పత్రిక కూడా వచ్చింది. ఆ కాలేజీకి రెండో ర్యాంకు. విద్యార్థులను ఎంచుకోవడంలో అందరికన్నా కఠినమైన కాలేజీ అని పొగిడారు. గేటుకు ఆ మాటతోనే ఇంత పొడుగు బ్యానరు కట్టారు. మా బిల్డింగులో అందరూ వచ్చి అభినందించారు. వాళ్ల పిల్లలకు వచ్చే ఏడు ఆ సీటు దొరుకుతుందో లేదోనని దిగులు కూడా పడ్డారు. ఓంకార్ గారు చెప్పింది చెప్పినట్టు జరిగింది. నవీన కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. పోతోంది, వస్తోంది, తలుపేసుకుంటోంది. కొత్త కదా అనుకున్నాను.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే ఇస్తారి మామ. చేతిలో రూవి బజారు మిఠాయి దుకాణం డబ్బా. ఎప్పుడొచ్చినా "ఏం కూర శాంతవ్వా?" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రా మామా," అన్నాను.

"సార్ ఉన్నడా?" అన్నాడు.

ఏ సారో నాకు వెంటనే తట్టలేదు. ఈలోగా సురేందర్ సోఫాలోంచి లేచి వచ్చాడు. మామ రెండు చేతులెత్తి ఆయనకు దండం పెట్టాడు.

"తప్పు నాదే సార్. నలుగుర్ల పేరువెట్టి పిలిస్తి, నీ ఇజ్జత్ తీస్తి. ముసలోన్ని. అలవాటుల నోరు జారింది. మనసుల పెట్టుకోకు."

ఎగతాళికి అంటున్నాడేమో, అనేస్తే బాగుండు అనుకున్నాను. కాదు. ఆయన నిజంగానే క్షమాపణ అడగడానికి వచ్చాడు. మా ఆయన "మామా, గట్ల అనకు..." అన్నాడు. కూర్చోమని కుర్చీ జరిపితే మామ కూర్చోలేదు.

మాటలు విని నవీన గదిలోంచి వచ్చింది. మామ ముఖం ఒక్కసారిగా విప్పారింది. డబ్బా తెరిచి లడ్డూ తీసి దాని చేతిలో పెట్టాడు.

"తిను బిడ్డా. గంతమందిల గెలిచినవు! మా రూమోళ్లంత ఓడిపోయిండ్రు గని, నీ మీద ఓడిపోతే మాకు సంబురమే. మా రూముల ఒక పోరడు ఇంటరు సదివిండు, మస్తు రాసిననుకున్నడు. వానికి సుత రాలే. నీకే వచ్చింది."

నవీన లడ్డూ కొరకలేదు. అట్లాగే పట్టుకుని నిలబడింది.

"తాతా, ఆ పేపర్లు ఎవ్వరు చూడలే," అంది.

"ఏ పేపర్లు బిడ్డా?"

"మీయి. నాది సుత. మా కాలేజీ ఆఫీసుల టీ పెట్టే బల్ల కింద ఉన్నయి, కట్టలకు కట్టలు. నా హాలు కట్ట సుత ఉన్నది, పైన నంబరు చూసిన. ఆ రోజు కట్టిన దారం కట్టినట్టే ఉన్నది. ముడి గూడ ఇప్పలే." అది మామ వైపు తిరిగింది. "నిన్ను వాళ్లు గట్ల అంటాంటే నేను తల ఎత్తలే తాతా. ఎత్తితే పేపర్ ఆగమైతదని ఎత్తలే. నీ దిక్కు చూడనన్న చూడలే. అంత జేసి రాసింది ఎవ్వరు చూడలే."

అని వెక్కి వెక్కి ఏడ్చింది. లడ్డూ చేతిలోనే పొడి పొడి అయిపోయింది.

మామకు ఆ మాటలు ఎక్కడానికి కాసేపు పట్టింది. మా వైపు చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు. అప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చి, దాన్ని దగ్గరకు తీసుకుని తల నిమిరాడు.

"ఊకో బిడ్డా, ఊకో," అన్నాడు జాలిగా. "మాకైతే సార్ ముందుగాల్నే చెప్పిండు, రాసినా ఒకటే రాయకున్నా ఒకటే, ఊకె కూసునుడే డ్యూటీ అని. నీకెవ్వరు చెప్పలేదా?"

చెప్పవలసిన ఇద్దరం ఆ గదిలోనే ఉన్నాం. నవీన ఏడుపు ఆపి మా ఇద్దరి వైపు చూసింది.